గైడు పుస్తకములలో పీడనపు లెక్కలు

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు ఉదయముననే వచ్చి చోటు పట్టుకొనువారిలో చాలమంది ఉద్యోగ పరీక్షలకు చదువుకొనువారే. అశోక్ నగర్ శిక్షణ కేంద్రములలో పాఠము విని, అద్దె గదులలో వంట చేసికొని, మిగిలిన కాలమంతయు పుస్తకములతో గడుపుదురు. ఇంజనీరు ఉద్యోగములకు సిద్ధపడువారి చేతిలో తరచుగా కనిపించునది ప్రశ్నలు, జవాబులు గుదిగ్రుచ్చిన గైడు. అందులో ప్రమాణముల మార్పిడికి ఒక పట్టిక ఉండును. ఆ పట్టిక ఏమి నేర్పుచున్నది, ఏమి విడిచిపెట్టుచున్నది అని పరిశీలించుట అవసరము.

పట్టికలోని అంకెలు సాధారణముగా సరియైనవే. 1 బారు అనగా 1,00,000 పాస్కలులు. 1 అట్మాస్ఫియరు 1,01,325 పాస్కలులు. చదరపు సెంటీమీటరునకు 1 కిలోగ్రాము భారము 98,066.5 పాస్కలులు. చదరపు అంగుళమునకు 1 పౌను భారము, అనగా 1 పి.ఎస్.ఐ., సుమారు 6,895 పాస్కలులు. ఇన్ని ప్రమాణములేల అని విద్యార్థి విసుగుకొనుట సహజము. మన దేశమున మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చినవి. పాస్కలు అను పేరు 1971లో గాని అంతర్జాతీయముగా స్థిరపడలేదు. యంత్రములు, గేజీలు మాత్రము వేర్వేరు దేశముల అలవాట్లను తమతో తెచ్చుకొన్నవి. కనుక మార్పిడి నేర్వక తప్పదు.

లోపము వేరొకచోట ఉన్నది. బారు, అట్మాస్ఫియరు, చదరపు సెంటీమీటరునకు కిలోగ్రాము భారము, ఈ మూడింటి మధ్యగల భేదము నూటికి మూడు నాలుగుకు మించదు. గైడులోని ప్రశ్నలలో అధికభాగము ఈ చిన్న భేదము చుట్టే తిరుగును. 98,066.5 అనుటకు 98,055.6 అన్నచో మార్కు పోవును. కాని పని జరుగు స్థలములలో ప్రమాదము తెచ్చు పొరపాట్లు రెండు. గేజి పీడనమును మొత్తము పీడనముగా భ్రమించుట ఒకటి. కిలోగ్రాము భారమును న్యూటనుగా భావించుట రెండవది. మొదటి పొరపాటుతో లెక్క సగమునకు పడిపోవచ్చును. రెండవ దానితో పదిరెట్లు తప్పును. ఈ రెండింటికి గైడులో దొరకు చోటు బహు స్వల్పము.

మొదటి పొరపాటునకు అద్దెగదిలోని ప్రెషరు కుక్కరే సాక్షి. దాని పీడనము చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలోగ్రాము భారము. దీనినే మొత్తము పీడనమని తలచి పట్టిక చూచినచో, లోపలి నీరు 99 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగునని తేలును. మూతలేని గిన్నెలో నీరు హైదరాబాదున మరుగునది 98 డిగ్రీల వద్ద! అట్లయినచో కుక్కరు కొనుట దండుగ. నిజమునకు గేజి చూపునది బయటి వాతావరణముకంటె లోపల ఎంత అధికమో ఆ అంకె మాత్రమే. సముద్రమట్టమునకు అయిదువందల మీటర్లకు పైగా ఎత్తుననున్న ఈ నగరములో వాతావరణ పీడనము సుమారు 95,000 పాస్కలులు. దానికి 98,000 కలిపినచో మొత్తము 1,93,000. ఆ పీడనము వద్ద నీరు మరుగునది సుమారు 119 డిగ్రీలకు. పప్పు త్వరగా ఉడుకుటకు కారణమిదియే. ఒక్క కూడిక మరచినందున కుక్కరు పనియే అర్థము కాకుండ పోయినది.

రెండవ పొరపాటు ఇంతకంటె ఘోరమైనది. ఉద్యోగము దొరికిన అభ్యర్థి రేపు నీటి గొట్టముల పరీక్షను పర్యవేక్షింపవలసి వచ్చుననుకొందము. 30 సెంటీమీటర్ల వ్యాసముగల గొట్టపు కొనను మూతతో బిగించి, చదరపు సెంటీమీటరునకు 10 కిలోగ్రాముల భారము వరకు నీటిని ఎక్కించినారు. మూత వైశాల్యము సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. దానిని బయటకు నెట్టు బలము 7,070 కిలోగ్రాముల భారము, అనగా ఏడు టన్నులు. న్యూటనులలో సుమారు 69,300. ఆ 10 అంకెను బారుగా భ్రమించినచో తేడా నూటికి రెండు మాత్రమే. ఏ ఆధారమైనను దానిని ఓర్చుకొనును. కాని 7,070ని న్యూటనులుగా తలచి మూతకు ఆధారము కట్టించినచో, ఆ ఆధారము ఉండవలసిన దానిలో పదవవంతు. మూతకు ఎదురుగా నిలుచున్న కూలీకి ఈ తేడా ప్రాణముతో సమానము.

బలభ్రామకము విషయములోను ఇదే తీరు. కారుఖానాలలో దీనిని టార్కు అందురు. బలమును లంబదూరముతో హెచ్చించినచో టార్కు వచ్చునని సూత్రము. పనికి, టార్కుకు రెండింటికిని న్యూటను-మీటరు వచ్చుట చూచి, టార్కును జౌలులలో వ్రాయువారు కలరు. పనిలోని దూరము బలము వెంట నడచునది. టార్కులోని దూరము బలమునకు అడ్డముగా ఉండునది. ఈ ఒక్క మాట చెప్పినచో సందేహము తీరును.

నారాయణగూడలోని ఏ పంక్చరు దుకాణము ముందైనను రెండు నిమిషములు నిలిచినచో ఇది కంటికే కనబడును. కారు చక్రపు నట్టును సుమారు 100 న్యూటను-మీటర్లకు బిగింపవలెననుకొందము. పానా పొడవు 25 సెంటీమీటర్లయినచో కావలసిన బలము 400 న్యూటనులు, అనగా 41 కిలోగ్రాముల భారము. 60 కిలోల మనిషి పానాపై నిలుచున్నచో 147 న్యూటను-మీటర్లు వచ్చును. అనగా బిగింపు ఒకటిన్నర రెట్లు, మర చెడిపోవచ్చును. 10 కిలోగ్రాము-మీటర్లని వ్రాసియున్న దానిని 10 న్యూటను-మీటర్లుగా చదివినవాడు నట్టును వదులుగా విడిచిపెట్టును. అప్పుడు చక్రమే ఊడవచ్చును.

గైడు వ్రాసినవారి పక్షమునను ఒక మాట చెప్పవలెను. నిమిషమునకు ఒక ప్రశ్న చొప్పున జవాబు గుర్తింపవలసిన పరీక్షకు కంఠపాఠమే ఉపాయమని వారు నమ్మిరి. ప్రశ్నపత్రము అడిగినదానినే గైడు నేర్పును. కాని గుణకము తెలిసినంతమాత్రమున రక్షణ లేదు. 1999లో అంగారకుని చేరిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను అమెరికా నౌక నశించుటకు కారణము, ఒక పక్షము పౌను-సెకండులలో ఇచ్చిన అంకెను మరొక పక్షము న్యూటను-సెకండులుగా గ్రహించుట. తేడా సుమారు నాలుగున్నర రెట్లు. ఆ గుణకము ఏ పట్టికలోనైనను దొరకును. ఎదుటనున్న సంఖ్య ఏ ప్రమాణములోనిదని సరిచూచుకొనకపోవుటయే దోషము.

దీనికి పరీక్షాపద్ధతినే మార్చనక్కరలేదు; ప్రశ్నను మార్చిన చాలును. ఉదాహరణకు: లోపలి వ్యాసము 20 సెంటీమీటర్లుగల కుక్కరు మూతను ఆవిరి ఎంత బలముతో నెట్టును? 30, 300, 3,000, 30,000 న్యూటనులు, వీనిలో సరియైనది గుర్తింపుడు. ఇచ్చట దశాంశములతో పనిలేదు. మూత వైశాల్యము మూడువందల చదరపు సెంటీమీటర్లకు కొంచెము పైన. కనుక బలము మూడువందల కిలోగ్రాముల భారము, అనగా మూడువేల న్యూటనులు. నలుగురైదుగురు మనుష్యులు మూతపై కూర్చున్నంత బరువు! ఈ అంచనా ఒకసారి చేసిన విద్యార్థి, ఆవిరి పోకముందే మూత తీయుటకు మరి సాహసింపడు. గైడులోని ప్రతి మార్పిడి క్రిందను ఇట్టి ప్రశ్న ఒక్కటి చేరినచో, ఆ పుస్తకము పరీక్ష ముగిసిన పిమ్మటను పనికివచ్చును.