సులోచనకి సులోచనాలు

కళ్లజోడుని పుస్తకాల భాషలో సులోచనాలంటాం. సులోచన అంటే అందమైన కళ్లున్న స్త్రీ. ఆడపిల్లకి ఆ పేరు పెట్టుకుని మురిసిపోయే ఇంట్లోనే, ఆ పిల్ల ముఖం మీదికి సులోచనాలొస్తే "అయ్యో, అప్పుడే సైటొచ్చేసిందా!" అని దిగులు పడిపోతారు. ఈ దిగులు గురించి మన పిల్లల పుస్తకాలు ఏమన్నాయో చూద్దామని ఈ మధ్య వెతకడం మొదలుపెట్టాను. దానికి కారణం పెద్దాపురంలో మూడో తరగతి చదివే మా చెల్లెలి మనవరాలు. బడిలో పరీక్ష చేసి దానికి అద్దాలు రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 10న కంటి వెలుగు పథకాన్ని మొదలుపెట్టిందే బడిపిల్లలతో కాబట్టి బడిలో కంటి పరీక్ష మావాళ్లకి వింతేం కాదు. పిల్ల మాత్రం జోడుని పెట్టెలోంచి తియ్యనంది. పాఠాలు చెప్పుకునే దాన్ని కదా, నచ్చజెప్పే బొమ్మల పుస్తకమేదైనా ఉంటే పంపించమన్నారు.

వెతికితే ముందు దొరికినవాళ్లు అమ్మమ్మలు. ప్రియా కురియన్ 'అమ్మచ్చీస్ గ్లాసెస్' (తూలిక, 2017) ఒక్క మాట కూడా లేని పుస్తకం. పొద్దున్నే లేచిన ఓ కేరళ అమ్మమ్మకి జోడు కనపడదు. ఇక ఇల్లంతా గందరగోళం. బొమ్మలు చూసి నేనే పడీపడీ నవ్వాను. ప్రథమ్ బుక్స్ వేసిన నోనీ కథ 'నానీ కీ ఐనక్'లోనూ జోడు పారేసుకునేది అమ్మమ్మే. రెండూ నాకు ఇష్టమైన పుస్తకాలే. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఓ ప్రశ్న పుట్టింది. మన బొమ్మల పుస్తకాల్లో కళ్లజోడు ముసలితనానికి గుర్తుగా, పారేసుకోవడానికి మాత్రమే ఎందుకుంటోంది? ఆ జోడుతో అమ్మమ్మ చేసే పని ఎక్కడ? అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కార్మికులతో చేసిన అధ్యయనం ఒకటి 2018లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్'లో వచ్చింది. చత్వారానికి అద్దాలిచ్చిన వాళ్లు కోసిన ఆకు, ఇవ్వని వాళ్లకంటే 20 శాతానికి పైగా ఎక్కువ పెరిగింది. తేయాకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. పెద్దాపురం పట్టు అంటే అందరికీ తెలుసు. ఆ మగ్గాల ఇళ్లల్లో కండెలు చుట్టి, తెగిన పోగుని వెతికి అతికే ఆడవాళ్లకి చత్వారం రావడమంటే కూలి తగ్గడమే. వాళ్ల జోడు కనపడకపోతే ఎవరికీ నవ్వు రాదు.

పిల్లల ముఖాల మీద జోడు కావాలంటే పరాయి దేశపు పుస్తకాల దగ్గరికి పోవాల్సి వచ్చింది. అమెరికాలో పేరుమోసిన పుస్తకం మార్క్ బ్రౌన్ 'ఆర్థర్స్ ఐస్' (1979). ఆర్థర్ అనే పిల్లవాడు (ఆర్డ్‌వార్క్ అనే జంతువులెండి) జోడు పెట్టుకున్నందుకు తోటిపిల్లలు ఏడిపిస్తారు. వాడు దాన్ని దాచేస్తాడు, అవస్థలు పడతాడు, చివరికి పెట్టుకుని బాగుపడతాడు. అంతవరకూ బాగానే ఉంది. వాణ్ణి ఏడిపించిన ఫ్రాన్సీన్ కూడా చివర్లో జోడుతో వస్తుంది. అయితే దానికి అద్దాలుండవు, ఉత్త ఫ్రేమే! సినిమా తారలా అందంగా కనిపించడానికట. మగపిల్లాడికి జోడు చూడ్డానికి, ఆడపిల్లకి కనపడ్డానికి. ఇంత మంచి మనసున్న పుస్తకంలో కూడా ఈ పని విభజన ఎవరి కంటా పడకుండా ఎలా జారిపోయిందో!

కానీ నా అసలు తగువు అది కాదు. ఈ పుస్తకాలన్నీ పిల్లల భయం వెక్కిరింతేనని అనుకుంటాయి. వెక్కిరింత మనకీ ఉంది. సోడాబుడ్డీ, నాలుక్కళ్లూ మనమూ పడ్డవాళ్లమే. కానీ మా చెల్లెలింట్లో మూడో తరగతి పిల్ల వినగా పెద్దవాళ్లు అన్నదేమిటి? "ఆడపిల్ల, రేపు పెళ్లికి ఇబ్బందేమో." తోటిపిల్లలు ఏడిపిస్తే టీచరు మందలిస్తుంది. ఈ మాటని మందలించేదెవరు?

నాకు ఎనిమిదో తరగతిలో సైటొచ్చింది. పెళ్లిచూపులకి జోడు తీసెయ్యమన్నారు. ఎదురుగా కుర్చీల్లో మూడు మసక ఆకారాలు. అందులో పెళ్లికొడుకెవరో నాకు తెలీదు. కాఫీ గ్లాసు ఎవరి చేతికిస్తున్నానో కూడా తెలీదు. ఆయనకి మాత్రం జోడుంది. ఆయన నన్ను నిదానంగా, స్పష్టంగా చూశాడు. పెళ్లిచూపులన్న మాటలో చూపులు ఎవరివో నాకు అంత బాగా మరెక్కడా అర్థం కాలేదు.

అసలు పెద్దాపురం ఆడవాళ్లకి చూడబడ్డం కొత్తా? మా ఊరి పేరు వినగానే ఎదుటివాళ్ల పెదాల మీదికో వంకర నవ్వొస్తుంది. కళావంతుల చరిత్రని తెలుగు సినిమాలు దశాబ్దాల పాటు వెకిలి జోకుగా అరగదీసిన ఫలితమిది. హాస్టల్లో ఊరి పేరు చెప్పడానికి తడబడ్డ నా ఈడువాళ్లు ఎంతమందో. అలాంటి ఊళ్లో ఓ పిల్ల తన చూపుని తను సరిచేసుకోవడం చిన్న సంగతి కాదు.

అందుకే "జోడులో కూడా ముద్దొస్తున్నావు" అని బుజ్జగించే పుస్తకాలు నాకు పనికిరావు. అవి పెళ్లివారి ప్రశ్నకే జవాబు చెబుతాయి. డిస్నీ వాళ్ల 'ఎన్‌కాంటో' (2021)లో మిరాబెల్ జోడు పెట్టుకుని కథ నడిపినందుకు సంతోషమే. కానీ అంతకంటే ఎంతో ముందు ఎలెన్ రాస్కిన్ 'స్పెక్టకల్స్' (1968) అనే పుస్తకం వేసింది. అందులో ఐరిస్ అనే పిల్లకి గుమ్మంలో నిప్పులు కక్కే డ్రాగన్ కనిపిస్తుంది. నిజానికి వచ్చింది వాళ్ల నాన్నమ్మ వరస ముసలావిడ. ఇలా పిల్లకి కనిపించిందొకటి, ఉన్నదొకటి. ఆ పిల్ల ముఖం ఎలా ఉందన్నది కాకుండా, ఆ పిల్ల కళ్లకి లోకం ఎలా ఉందన్నది బొమ్మ. చూపు మొదటిసారి పిల్లదైంది.

ఇది మన పిల్లలకి బరువవుతుందనే వాళ్లుంటారు. 2008లో హైదరాబాద్ 'అన్వేషి' తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి. అందులో గోగు శ్యామల, భూస్వామి కన్ను పడ్డ ఆడపిల్ల తప్పించుకుని గెలిచిన కథ చెప్పింది. పిల్లలకి అంత చెప్పగలిగిన భాష, సైటు గురించి చెప్పలేదా?

బొమ్మలేసే మిత్రులకో మాట. మీరు ఆడపిల్లకి జోడు వేస్తే రెండు సున్నాలు చుట్టి, లోపల అవే చారెడేసి కళ్లు, అవే రెప్పలు పెడతారు. మైనస్ పవరు అద్దం వెనక కళ్లు చిన్నగా కనపడతాయి. అలాగే వెయ్యండి. లేదా ముఖమే వెయ్యకండి. ఆషాఢంలో మరిడమ్మ జాతర. మొదటి పేజీలో దీపాలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయిన పసుపు మరకలు. పేజీ తిప్పితే దేనికది విడివిడిగా బల్బులు, వాటి వెనక తీగ, తీగ మీద కూచున్న కాకి.