ఏ కూటికి ఏ కారం? – పచ్చళ్ళ పుస్తకాల కులం

తెలుగులో వంటల పుస్తకాలకు కొదవ లేదు. పచ్చళ్ళు, పొడులు, ఊరగాయలకు వాటిలో తప్పకుండా కొన్ని పేజీలుంటాయి. ఏది దేంట్లోకి బాగుంటుందో కూడా చెబుతారు. ఆవకాయకి వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి. కందిపొడికి నెయ్యి. గోంగూరకి నెయ్యి, పచ్చి ఉల్లిపాయ. చివర్లో పెరుగన్నంలోకి మాగాయ. ఇదంతా 'తెలుగువాడి రుచి' అని ముందుమాటలో రాస్తారు. ఏ తెలుగువాడి రుచి? ఆ ప్రశ్న వేయకుండా ఈ పుస్తకాలు చదవడం మనకి కుదరదు.

ఆ జంటలు తప్పని నేననడం లేదు. ఆవకాయలో నెయ్యి బాగుంటుంది. దానికి కారణం కూడా ఉంది. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నీళ్ళు తాగితే తగ్గని మంట నెయ్యి ముద్దతో తగ్గుతుంది. కానీ నెయ్యి వెనక పాడి ఉంది, పాడి వెనక మేత, మేత వెనక భూమి ఉన్నాయి. అవి లేని ఇళ్ళల్లో అదే మంటని ఏంచేశారు? పుస్తకం అక్కడికి రాదు.

నెయ్యి లేకపోవడం డబ్బుకి సంబంధించిన విషయం మాత్రమే అనుకుంటే పొరపాటు. జైపూర్ సంస్థానంలోని చక్వారా గ్రామంలో తీర్థయాత్ర చేసివచ్చిన ఒక అంటరానివాడు తనవాళ్ళకి భోజనం పెట్టాడు. అందులో నెయ్యి వడ్డించాడు. వాళ్ళు తింటుండగానే వందలమంది హిందువులు కర్రలతో వచ్చిపడి, కూడు పాడుచేసి, తినేవాళ్ళని కొట్టారు. ఈ సంగతి అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో రాశారు. అన్నం తిన్నందుకు కాదు, అన్నంలోకి నెయ్యి వేసుకున్నందుకు దెబ్బలు తిన్నారు. కొనగలిగినా తినకూడదన్నమాట. 'ఏది దేంట్లోకి నప్పుతుంది' అనే మాటలోనే 'ఏది ఎవరికి నప్పదు' అనేది కూడా దాగుంది.

మా ఇంట్లో నెయ్యి ఉండేది కాదు. మా అమ్మ ఎండుమిరపకాయలు, కళ్ళుప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు రోట్లో వేసి నూరేది. నూనె చుక్క పడేది కాదు. గొడ్డుకారం అనేవాళ్ళం. దాన్ని అన్నంలో కలుపుకుని పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేవాళ్ళం. మంటెక్కితే గంజి. ఉల్లిపాయలో తీపి, గంజిలో చిక్కదనం మాకు నెయ్యి పని చేసేవి. ఆసామి ఇంట్లో కొత్త ఆవకాయ పెట్టాక జాడీ అడుగున మిగిలిన పాతది మా అమ్మకి ఆకులో పైనుంచి వేసేవాళ్ళు. ఆ ఆవకాయ రుచిగానే ఉండేది. తెచ్చుకున్న తీరు మాత్రం ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది.

ఇది లేమి కథగానే చెప్పి ఊరుకుంటే మనకి మనమే అన్యాయం చేసుకున్నట్టు. మన ఇళ్ళల్లో ఒక జ్ఞానం ఉంది. దాన్ని జ్ఞానంగానే చూడాలి.

చద్దన్నం రాత్రంతా నీళ్ళల్లో నాని పులుస్తుంది. అప్పటికే పులుపెక్కిన కూటికి చింతపండు పచ్చడి అక్కర్లేదు. ఉప్పు, కారం కావాలి. అందుకే పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, ఉన్ననాడు నిప్పుల మీద కాల్చిన ఎండుచేప.

జొన్నరొట్టె పొడిగా ఉంటుంది. దానికి పులుపు, తడి రెండూ కావాలి. తెలంగాణలో పుంటికూర తొక్కు ఆ రెండూ ఇస్తుంది. చేలో కూచుని తినేటప్పుడు రొట్టే పళ్ళెం. కాబట్టి తొక్కు గట్టిగా ఉండాలి, కారిపోకూడదు. పని చేసే చోటు కూడా పచ్చడి చిక్కదనాన్ని నిర్ణయిస్తుందని ఏ వంటల పుస్తకం చెప్పింది?

రాయలసీమలో రాగిసంగటి నున్నగా, చప్పగా ఉంటుంది. నమలరు, మింగుతారు. దానికి చెనిక్కాయ విత్తనాలు వేయించి, మిరపకాయలు, చింతపండు వేసి నూరిన ఊరిబిండి. చెనిక్కాయ విత్తనంలో సగానికి దగ్గరగా నూనే ఉంటుంది. పైన నెయ్యి పోయకుండానే కారం మంట ఆ నూనెలో అణుగుతుంది. ఆలోచించి చూస్తే ఆవకాయ-నెయ్యి సూత్రమే ఇదీ. గిన్నె వేరు.

గొడ్డుమాంసంలోకి గోంగూర, చింతచిగురు. కొవ్వుకి పులుపు విరుగుడు. పైగా ఆ రెండూ కొనకుండా దొరికేవి. ఇక ఉప్పేసి ఎండబెట్టిన తునకలకి వేరే పచ్చడి వెతకరు. కాల్చిన తునకే అంబలికి పచ్చడి.

ఇక్కడ ఒక మాట చూడండి. అన్నంతోపాటు కాస్త కాస్త కొరుక్కోవడాన్ని 'నంజుకోవడం' అంటాం. 'నంజుడు' అంటే నిఘంటువుల్లో మాంసం. అంటే ఈ భాష మాట్లాడిన జనానికి నంజుకునేది మాంసమేనన్న గుర్తు ఆ మాటలో ఉంది. పుస్తకాలు ఆ మాటనుంచి మాంసాన్ని తీసేసి ఊరగాయని మిగిల్చాయి. 

ఊరగాయ జాడీ సంగతీ చూద్దాం. ఏడాదికి సరిపడా కాయ, నూనె, ఆవపిండి, కారం ఒక్కసారే కొనగలిగినవాళ్ళకే జాడీ. కూలిడబ్బుతో ఏ పూటకాపూట బతికేవాళ్ళకి రోలు. ఆ జాడీకి మడి ఒకటి. ముట్టయిన ఆడవాళ్ళు తాకితే ఊరగాయ బూజు పడుతుందన్నారు. బూజు పట్టేది తడి గరిటె వల్ల, ఉప్పు, నూనె చాలకపోవడం వల్ల. ఇంట్లో ఆడదాన్ని, వాడలో దళితుణ్ణి దూరం పెట్టిన మైల ఒక్కటే. మడి కట్టిన ఈ ఊరగాయలో పడే మిరపకాయ మాత్రం 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు అమెరికా ఖండాలనుంచి తెచ్చింది. చెనిక్కాయా అక్కణ్ణుంచి వచ్చిందే. సనాతనం ఎక్కడుంది ఇందులో? గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప కోతకి పోయి, చేతుల మంటతో రాత్రి నిద్రపట్టని కూలి తల్లుల పేరు ఏ పచ్చడి పేజీలోనూ కనపడదు.

మనమీద కూడా ఒక విమర్శ పెట్టుకోవాలి. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఫ్ ఫెస్టివల్ జరిగింది. దాడులు జరిగాయి. తినే హక్కు గురించి మనం గట్టిగా మాట్లాడాం. మాట్లాడాల్సిందే. కానీ ఆ కూర ఎలా వండుతారు, దాంట్లోకి ఏం నూరుతారు, నూరేది ఎవరు అన్నవి మనవాళ్ళూ పెద్దగా రాయలేదు. రోటి పచ్చడి రుచి గొప్పదని మగవాళ్ళం కవిత్వం చెబుతాం. కోతనుంచి వచ్చి పొద్దుగూకాక రోకలి పట్టింది అమ్మ. ఆ భుజాల నొప్పి లెక్కలోకి రాకపోతే మన పుస్తకమూ వాళ్ళ పుస్తకంలాగే ఉంటుంది.

మరాఠీలో షాహూ పాటోళే 2015లో 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' రాశారు. అన్నం పూర్ణబ్రహ్మమనే నానుడిని తిరగేసి పెట్టిన పేరది. మరాఠ్వాడాలోని మహర్, మాంగ్ కులాల వంటల్ని, వాటి వెనకున్న చరిత్రనీ కలిపి చెప్పిన పుస్తకం. 2024లో ఇంగ్లీషులోకీ వచ్చింది. తెలుగులో ఆ పని వాడవాడకీ జరగాలి.

పరిశోధక విద్యార్థులకీ, టీచర్లకీ నాదొక విన్నపం. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మనీ అమ్మమ్మనీ అడగండి. ఏ కూట్లోకి ఏం నూరేవాళ్ళు, ఎందుకు? ఏ నెలలో ఏం దొరికేది? ఏమీ లేనినాడు ఏం నంజుకున్నారు? వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. పిడికెడు అంటే పిడికెడు అనే రాయండి, గ్రాముల్లోకి మార్చకండి. ఏది వాళ్ళకి ఎవరు తిననివ్వలేదో అదీ రాయండి. అది లేకుండా రాసిన పచ్చడి సగం పచ్చడే.