తిరుత్తణి వీరట్టానేశ్వరాలయము - మన అరుగులు

తిరుత్తణి యనగానే మనవారి మనస్సు కొండమీదికే పోవును. 365 మెట్లెక్కి సుబ్రహ్మణ్యస్వామిని సేవించి వచ్చినవారిలో, ఊరిలోని వీరట్టానేశ్వరాలయమునకు పోయి నిలిచి చూచువారు కొలదిమందియే. శిల్పదృష్టితో చూచినచో ఆ చిన్న గుడియే ఈ సీమకు తలమానికమని మా యభిప్రాయము.

9వ శతాబ్ది చివర, పల్లవరాజైన అపరాజితవర్మ యేలుబడిలో, నంబి అప్పి యనునతడు దీనిని రాతితో కట్టించెను. గర్భగృహపు వెనుకభాగము ఏనుగు వెన్నువలె గుండ్రముగ నుండును, దీనినే గజపృష్ఠాకారమందురు. ఈ గుడి ఎత్తుచేత మనలను అబ్బురపెట్టదు. కొలతల పొందికచేత ఆకట్టుకొనును. ఆదిత్యచోళుడు అపరాజితుని జయించుటతో తొండైమండలము చోళుల వశమైనది. కావున పల్లవుల పనితనము చోళుల చేతికి మాఱుచున్న సంధికాలమును ఇచట రాతిలో చూడవచ్చును. గోడమీది శాసనములో రాజు స్వయముగ చెప్పిన తమిళ వెణ్బా యొకటి కలదు. తాను కట్టింపని గుడికై, దానిని కట్టించినవానిని రాజు పద్యమున మెచ్చుకొనెను. ఈ కట్టడమునకు తొలి విమర్శకుడు ఆ రాజే యనవచ్చును.

1959 నాటి సరిహద్దుల చట్టముచేత, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు చేరినది. నాటినుండి పాత కట్టడముల మాట వచ్చినపుడెల్ల "ఇది తెలుగువారిదా, తమిళులదా?" యను ప్రశ్నయే ముందు వినవచ్చుచున్నది. ఇది విమర్శ కాదు, వాటాల పంపకము. ఇదే తిరువళ్ళూరు జిల్లాలోని పులికాటులో 17వ శతాబ్ది నాటి డచ్చివారి సమాధులు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో నున్నవి. ఆ ఫలకములమీది డచ్చి భాషను చదువగలవారు మనలో ఎందరు? అయినను అవి కాపాడదగినవే. మన లిపి లేని రాయి మనది కాదనుట తగదు.

ఇక మన లిపి యున్న యిండ్ల సంగతి యేమి? 1958 నాటి కేంద్ర చట్టము, నూఱేండ్లు నిండిన కట్టడములను జాతీయ ప్రాముఖ్యము గలవిగ ప్రకటించుటకు వీలు కల్పించినది. 2010 సవరణ ప్రకారము రక్షిత కట్టడము చుట్టును 100 మీటర్లు నిషిద్ధప్రాంతము. దానికావల 200 మీటర్లు నియంత్రితప్రాంతము. ఈ గీతలు మంచివే. కాని గుడియు, కోటయు, సమాధియు ఎక్కిన జాబితాలో అరుగులు, నడవ, మండువా గల గృహస్థుని యిల్లు చేరుట అరుదు. స్కాట్లండులోనో, పల్లెటూరి చర్చి యొక్కటియే గాక పాదిరి నివాసము, పిండిమర, వాగుమీది వంతెన, పావురముల గూడు సయితము ఏ, బి, సి తరగతులుగ జాబితాకెక్కును. సామాన్యుని బ్రదుకు కూడ చరిత్రయేనని అచటి వారి భావము.

మన పాత యిండ్లను కూల్చుచున్నవారు పరులు కారు, మనమే. అన్నదమ్ముల పంపకములు, అద్దెగదుల రాబడి, కారు నిలుపుటకు చోటు - ఒక్కొక్క కారణమునకు ఒక్కొక్క అరుగు పోవుచున్నది. వానకు కురియు పెంకుటింటిలో కాపురము కష్టమనుట నిజము. దానిని బాగుచేయగల పనివారు దొరకుటయు దుర్లభము. కావున ఎవ్వరును కూల్చరాదని మేము శాసింపజాలము. కూల్చుటకు ముందు కొలతలు తీయించి, ఛాయాచిత్రములు తీసి, దూలముమీద చెక్కిన సంవత్సరమును, కట్టిన మేస్త్రి పేరును, ఇంటి పెద్దలు చెప్పు మాటలను వ్రాసి సంఘమునకు అందజేయుడని మాత్రము కోరుచున్నాము. ఇది చట్టము చేయలేని పని. ఇంటివారే చేయదగిన పని.

రాజులు పోయిరి, రాష్ట్రములు మాఱినవి. నంబి అప్పి పేరు మాత్రము గోడమీద నిలిచినది. మన యిండ్లు కట్టినవారి పేర్లు మన కాగితముమీదనైనను నిలువవలదా?