పాటగానికి మనము అచ్చియున్నది



నీకు ఇష్టుడైన పాటగాడొకడు ఉండవచ్చును. అతని గొంతు వినబడగానే నీ చేతిలోని పని ఆగిపోవును. అతడు నీ యెరుకలో నలువది యేండ్లు పాడెననుకొనుము. ఆ కాలములో అతడు మారెను, నీవును మారితివి. ఒకనాడతడు నీకు రుచింపని మాట పలికెను, నీవు కూడదనుకొన్న చోటికి పోయెను. అప్పుడతని పాటలను నీవేమి చేయుదువు? పెట్టెలో పెట్టి తాళము వేయుదువా? ఈ నెల నేను నీతో మాటలాడగోరినది ఈ సంగతిని గూర్చియే. నా పాటగాడు గద్దరు.

మా యూరు నెల్లూరు సముద్రతీరమున, కావలికి తూర్పుగా నున్నది. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క బకింగ్‌హాము కాలువ, నడుమ సరుగుడు తోటలు, ఇప్పుడు వాటి సరసనే రొయ్యల గుంటలు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో ఈ కాలువ త్రవ్వకమే అనేకులకు ప్రాణాధారమాయెను. ఒంగోలునందలి క్లౌ దొరగారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును తామే గుత్తకు తీసికొని, ఆకలిగొన్న మాదిగపల్లెలవారికి కూలి యిప్పించిన సంగతి మన సంఘ చరిత్ర చదివినవారు ఎరుగుదురు. మన్ను మోయువారు పాడక మోయరు. అయితే వారు పాడిన పాటలు మా చేతికి రాలేదు. జి. కల్యాణరావుగారు 2000లో ప్రకటించిన ‘అంటరాని వసంతం’ అను నవలలో ఈ కాలువయు, కరవును, క్రైస్తవులైన పల్లెజనులును, వారి పూర్వికులలో ఎల్లన్న యను పాటగాడును కనబడుదురు. ఆ పుస్తకము మూసిన తరువాత నేను చాలసేపు ఊరకుంటిని. పల్లెలకు పాట ఎన్నడును కొరవడలేదు, పల్లె వెలుపల దానిని వినువారే కొరవడిరి అని నాకు తోచెను.

ఇది మొదట ఎందుకు చెప్పుచున్నాననగా, గద్దరు మాకు క్రొత్త పాట తెచ్చినవాడుగా రాలేదు. మాదే యైన పాటను, మేము బిగ్గరగా పాడుటకు జంకిన పాటను, పాడువాడుగా వచ్చెను.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు చంపబడిరి. ఈ తీరమంతయు ఉలికిపడెను. ప్రాణములు చేతబట్టుకొని చీరాలకు పారిపోయినవారిలో మనవలె ఆదివారము ఆరాధనకు పోవువారు అనేకులుండిరి. అప్పుడు నేను క్రొత్తగా బడిపంతులు పనిలో చేరినవాడను. కొంతకాలమునకు మా యూరి టీ అంగడికి ఒక కాసెట్టు వచ్చెను. కారంచేడును గూర్చి గద్దరు కట్టిన పాట అందులో నుండెను. అంగడివాడు తలుపు సగము మూసి, టేపురికార్డరు గొంతు తగ్గించి వినిపించెను. ఆ భాష తెలంగాణపు భాష. మాకు సగము మాటలు తెలియలేదు. నా ప్రక్కన కూర్చుండి వల అల్లుచున్న స్నేహితుడు దారము చేతిలోనే పట్టుకొని, “మాట తెలీకపోయినా ఏడుపొస్తా ఉండాది గదా అయ్యోరూ” అనెను. ఆ దినము మొదలుకొని మేమిద్దరము గద్దరు వెంట నడిచినవారము.

చదువరీ, ఆ పాటగాడెవరో క్లుప్తముగా చెప్పెదను. ఆయన పేరు గుమ్మడి విఠల్‌రావు. 1949లో మెదకు జిల్లా తూప్రానులో పుట్టెను. తల్లి లచ్చుమమ్మ పనిపాటలలో పాడిన బాణీలే తన పాటలకు మూలమని ఆయన చెప్పుకొనెడివాడు. మొదట బుర్రకథ చెప్పెను. బి. నర్సింగరావుగారి స్నేహమువలన 1972లో ఏర్పడిన జననాట్యమండలిలో చేరెను. అమెరికాలోని భారతీయులు 1913లో స్థాపించిన గదరు పార్టీ పేరే ఈయనకు పేరాయెను. కెనరా బ్యాంకులో గుమాస్తా పని చేసి 1984లో మానుకొనెను. కారంచేడు తరువాత అజ్ఞాతవాసమునకు పోయి, 1990లో బయటికి వచ్చి, హైదరాబాదు నిజాము కళాశాల మైదానమున పాడెను. ఆ సభకు నేను రైలెక్కి పోతిని. ఆయన ముఖము నాకు కనబడనంత దూరమున నిలిచితిని. అయినను గొంగడి భుజమున వేసికొని, కాళ్ల గజ్జెలతో, చేత కఱ్ఱతో ఎగురుచున్న ఆ రూపమును ఇప్పటికిని మరువలేదు.

ఆయన పాట ఎట్లు పనిచేయునో ఆనాడు నాకు తెలిసెను. ఆయన ఒక చరణము పాడి ఆగును. ఆగి మనతో మాటలాడును, ఒక ముసలమ్మ కథ చెప్పును, జనులను ప్రశ్న అడుగును. జనులు జవాబిచ్చిన వెంటనే ఆ జవాబునే పల్లవిగా చేసి మరల ఎత్తుకొనును. వంతపాటవారు దానిని అందుకొందురు. డప్పు దెబ్బ మాటకు ముందు పడదు, మాట వెనుక పడును. గనుక మాట యొక్కటియు పోదు. ఇందుచేతనే ఆయన పాటలను పుస్తకములో చదువువానికి సగమే దొరకును. తక్కిన సగము ఆయన ఒంటిలోను, వినువారి నోటిలోను ఉన్నది. మన పల్లెగుళ్లలో భజన పాడించు పెద్దలు ఎరిగిన విద్యయే ఇది. వినువానిని ఊరక కూర్చుండనియ్యదు.

అయితే అభిమానియైనవాడు గ్రుడ్డివాడు కాకూడదు. నా మనస్సులో నేను ఆయన పాటలను రెండు గంపలుగా విడదీసియున్నాను. మొదటి గంపలో యుద్ధపు పాటలున్నవి. వాటిలో శత్రువుల పేర్లు వరుసగా వచ్చును. ఆయుధమునకు పొగడ్త వచ్చును. బాణీ మంచిదే యైనను, నాయకులు మారగానే ఆ పాటలు పాతబడెను. ఆరవ ఆజ్ఞను పిల్లలకు నేర్పువాడనైన నేను వాటికి వంత పాడలేకపోతిని. సభలో చప్పట్లు మ్రోగినప్పుడు నా చేతులు ఆగిపోయెడివి. ఇది దాచి చెప్పినయెడల నీకు అబద్ధము చెప్పినవాడనగుదును.

రెండవ గంపలో దుఃఖపు పాటలున్నవి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, ఆడుబిడ్డ పుట్టినదని నిందలు పడు ఇల్లాలు, కూలికి పోయి అలసిన స్త్రీ, రిక్షా త్రొక్కువాడు. ఈ పాటలలో ఆయన మగవాని గొంతును విడిచి తల్లి గొంతు తెచ్చుకొనును. నేర్చిన పాండిత్యమువలన అది రాదు. లచ్చుమమ్మ పాటలు విన్న చెవివలన వచ్చును. 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’ చిత్రములో అన్న చెల్లెలికై పాడు పాట ఆయన వ్రాసినదే. వందేమాతరం శ్రీనివాస్ దానికి బాణీ కట్టి పాడెను. ఆ పాటకు ప్రభుత్వము నంది బహుమానము ప్రకటింపగా గద్దరు పుచ్చుకొనలేదు. మా తీరమున పెండ్లి అప్పగింతలలో ఆ పాట పెట్టి ఏడ్చిన అన్నలను నేనెరుగుదును. వారిలో అనేకులకు ఆయన రాజకీయమేమియో తెలియదు. యుద్ధపు పాట పక్షము చూచుకొని లోపలికి రానిచ్చును. దుఃఖపు పాట తలుపు తీసియే యుంచును. గద్దరులోని గొప్ప పాటగాడు ఈ రెండవ గంపలో నున్నాడని నా తీర్పు.

ఇంకొక సంగతి. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ చిత్రములో గద్దరు పాడిన బండి పాటవలన ఆయన పేరు ఊరూర తెలిసెను. ఆ పాటను ఆయనదేయని అనేకులు తలంతురు. దానిని కట్టినవాడు తెలంగాణ సాయుధపోరాట కాలపు పాటగాడైన బండి యాదగిరి. పాటగాడు కూడ అచ్చియున్నవాడే అని ఇందువలన తెలియుచున్నది. తల్లికి అచ్చియున్నాడు, తనకు ముందు పాడినవానికి అచ్చియున్నాడు.

ఎదురుకాల్పులలో చనిపోయినవారి శవములను వారి తల్లిదండ్రులకు అప్పగింపవలెనని ఆయన పోరాడుచున్న దినములలో, 1997 ఏప్రిల్ 6న, అల్వాలులోని ఆయన యింటిలో దుండగులు తుపాకులతో కాల్చిరి. బ్రదికెను గాని ఒక గుండు వెన్నెముకలోనే నిలిచిపోయెను. దానిని మోయుచునే మరి యిరువదియారేండ్లు పాడెను. 2004లో ప్రభుత్వమునకును నక్సలైటులకును శాంతిచర్చలు జరిగినప్పుడు మధ్యవర్తులలో నొకడుగా నుండెను. ప్రత్యేక తెలంగాణ కొరకు పాడెను. 2011లో ‘జై బోలో తెలంగాణ’ చిత్రములో ఆయన గొంతు మరల వినబడెను.

తరువాత అభిమానులకు శోధన వచ్చెను. 2017లో ఆయన దేవాలయములకు పోయి పాడెను. ఓటు వద్దని పాడినవాడు 2018లో తన జీవితములో మొదటిసారి ఓటు వేసెను. ఎన్నికల సభలలో నాయకుల ప్రక్కన నిలిచెను. ఆ వార్త చదివిన దినము నా స్నేహితుడు వల అల్లుట మాని, మా కాసెట్టుల పెట్టె తెచ్చి నా గడపలో పెట్టెను. “ఇయ్యి నువ్వే ఉంచుకో అయ్యోరూ. అమ్ముడుబొయినోడి పాటలు నాకెందుకు?” అనెను. నేను వాదింపలేదు. ఆయన కోపములో ముప్పదేండ్లకు పైబడిన ప్రేమ యున్నది.

చదువరీ, ఇట్టి కోపము మన తీరమునకు మాత్రమే చెందినది కాదు. బాబ్ డిలన్ అను అమెరికా పాటగాడు జానపదరీతి పాటలు పాడి యౌవనస్థుల ప్రేమను పొందెను. 1966 మే నెలలో ఇంగ్లాండులోని మాంచెస్టరు పట్టణమున అతడు విద్యుత్ గిటారు పట్టుకొని పాడగా, వినుచున్నవారిలో ఒకడు లేచి “యూదా!” అని కేకవేసెను. ప్రభువును ముప్పది వెండి నాణెములకు అప్పగించిన ఇస్కరియోతు యూదా పేరు అది. వాయిద్యము మార్చినందుకు అంత పెద్ద పేరు! కాని ఆ కేకవేసినవాని నొప్పి నాకు తెలియును. తాను ప్రేమించిన గొంతు తనను విడిచి పోయెనని వాడు తలంచెను.

గద్దరు విషయములో లెక్క ఇంతకంటె బరువైనది. గిటారు మార్చుట వేరు, ప్రాణములు పోయిన త్రోవను విడుచుట వేరు. అడవికి పోయి తిరిగిరాని బిడ్డల తల్లులు ఆయనను ప్రశ్న అడుగవచ్చును. వారికి ఆ హక్కు కలదు. టీ అంగడిలో కూర్చుండి కాసెట్టు విన్న నాకు ఆ హక్కు ఉన్నదా? నేను ఆయనకొరకు ఏమి విడిచితిని? ఒక రైలు టికెట్టు కొంటిని, అంతే. ఆయన వెన్నులో గుండు మోసెను. నేను మొదట ప్రేమించిన వయస్సులోనే ఆయన ఆగిపోవలెనని కోరుట ప్రేమ కాదు, బొమ్మను చేసికొనుట. బొమ్మకు మ్రొక్కువాడు అది కదలినప్పుడు భయపడును. ఆయుధమును పొగడినప్పుడు ఆయనతో ఏకీభవింపనివాడను, దానిని విడిచినప్పుడు మాత్రము ద్రోహియని ఎట్లు పిలుతును? ఎన్నికల వేదికల కొరకు పాడిన పాటలు బలహీనములని చెప్పుదును, అది విమర్శ. మనిషిని అమ్ముడుపోయినవాడనుట తీర్పు తీర్చుట. ఆ పని నాది కాదు.

2023 ఆగస్టు 6న గద్దరు కన్నుమూసెను. ప్రభుత్వ లాంఛనములతో, అల్వాలులో తాను స్థాపించిన మహాబోధి పాఠశాల ఆవరణలో ఆయనను పాతిపెట్టిరి. నంది బహుమానమును వద్దన్నవాని పేరనే 2025లో తెలంగాణ ప్రభుత్వము చలనచిత్ర బహుమానములిచ్చెను. లోకము తన పాటగాండ్రకు ఋణము తీర్చు విధమిట్టిది.

ఆయన పోయిన దినము సాయంకాలమున నా స్నేహితుడు వచ్చెను. “ఆ పెట్టె ఉండాదా?” అని అడిగెను. కాసెట్టులున్నవి గాని వాటిని పాడించు యంత్రము చెడిపోయి యెన్నో యేండ్లాయెను. ఆయన మనుమడు సెల్ ఫోనులో చెల్లెలి పాట తీసి పెట్టెను. ముసలివాడు విని, “ఈ పాట ఎవురికీ అమ్ముడుబోలా అయ్యోరూ” అని, పెట్టె చంకన పెట్టుకొని పోయెను.

పాటగానికి మనము అచ్చియున్నది పూజ కాదు. మంచి పాటను మంచిదనియు, తప్పును తప్పనియు చెప్పు సత్యమును అచ్చియున్నాము. ఆయన ఎవరివద్ద నేర్చెనో వారిని జ్ఞాపకము చేసికొనుట అచ్చియున్నాము. నీ పల్లెలో నాట్లు వేయునప్పుడు, వల లాగునప్పుడు పాడెడి ముసలమ్మలు ఇంకను ఒకరిద్దరుందురు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట వారిలో ఒకరి యింటికి పోయి కూర్చుండుము. ఆమె పాడినది వ్రాసికొనుము, క్రింద ఆమె పేరు వ్రాయుము. కాలువ త్రవ్విన మన తాతల పాటలను మనము పోగొట్టుకొంటిమి. వీరివి పోగొట్టుకొనకుందుము గాక.