మల్లన్న బాటలో మజిలీల లెక్క

ఉగాది ఇంకా పది పన్నెండు రోజులుందనగానే రాయచూరు, బాగలకోట, విజయపుర, బెళగావి వైపు నుంచి జట్లు జట్లుగా వచ్చి మన ఆదోని, ఎమ్మిగనూరు, నందవరం ప్రాంతాల మీదుగా కర్నూలు దారి పడతారు శ్రీశైలం భక్తులు. భుజాన కావడి, చేతిలో కర్ర, నోట మల్లయ్య పేరు. కొందరు కర్రకాళ్లు కట్టుకుని మరీ నడుస్తారు. వాళ్ల భక్తిని గురించి పేపర్లు ఏటా రాస్తాయి. వాళ్ల నడక గురించి రాసేది తక్కువ. నన్నడిగితే ఆ నడక తరాల తరబడి సానపట్టిన విద్య. నేర్చుకోదలచినవాడు దాన్ని మన ఊరి అరుగు మీద కూర్చుని కూడా నేర్చుకోవచ్చు. (నందవరం అనగానే చౌడేశ్వరమ్మ గుడి గుర్తొచ్చేవాళ్లకు ఒక మాట. అది బనగానపల్లె దగ్గరి నందవరం. ఇది తుంగభద్ర ఒడ్డు మండలం.)

ముందు చంద్రుడి సంగతి. ఉగాది అమావాస్య మరునాడు వస్తుంది కాబట్టి మన ప్రాంతంలో వాళ్ల నడకంతా బహుళ పక్షంలోనే సాగుతుంది. సప్తమి నాటికి చంద్రుడు పొడిచేసరికి నడిరాత్రి అవుతుంది. తెల్లవారుజాము నాలుగింటికి బాగా పైకొచ్చి ఉంటాడు. సరిగ్గా అప్పుడే జట్టు లేచి బయల్దేరుతుంది, టార్చి లైటు పనే ఉండదు. తర్వాత రోజుకు ముప్పావు గంట చొప్పున ఆలస్యమవుతూ, చివరి రెండు మూడు రోజులకు చంద్రుడే లేకుండా పోతాడు. ఆ రోజులే నల్లమలలో పడతాయి. అడవిలో పొద్దు గూకాక నడవకూడదు గనక వెన్నెల లేని కొరతా తెలియదు. శివరాత్రికి నడిచేవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఎవరో కూర్చుని వేసిన పథకం కాకపోవచ్చు, కానీ ఇంతకంటే బాగా వేయడం కష్టం.

పగటి లెక్క ఎండను బట్టి. ఫాల్గుణం చివర కర్నూలు సీమలో మధ్యాహ్నం 40 డిగ్రీలు తాకడం వింతేమీ కాదు. అందుకే తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా ఏ గుడి మంటపంలోనో, చింతచెట్టు కిందో జట్టు వాలిపోతుంది. మళ్లీ లేచేది నాలుగు దాటాకే. రోజుకు 25 కిలోమీటర్లు పెట్టుకుంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. కానీ వాళ్లు కిలోమీటర్లు చూసి మజిలీ వేయరు. నీళ్లు చూసి వేస్తారు. బావో, కాలవో, కొళాయో ఉండి, పదిమంది పడుకునే నీడ ఉంటే ఊరు కాస్త దగ్గరైనా అక్కడే ఆగుతారు. ‘ఇంకో ఐదు కిలోమీటర్లేగా’ అని ముందుకు పోయినవాడే మరునాడు కుంటుతాడు.

మూటలో ఉండేది జొన్నతో చేసిన కడక్ రొట్టె, బుడ్డల కారం. పలచగా తట్టి, తేమ పోయేదాకా కాల్చిన ఆ రొట్టె రోజులు గడిచినా బూజు పట్టదు. పాపడంలా విరుగుతుంది, బరువుండదు. దారిలో ఊళ్లవాళ్లు అన్నం పెడతారు, అంబలి పోస్తారు, మజ్జిగ ఇస్తారు. ఉప్పు వేసిన మజ్జిగ ముందు కూల్‌డ్రింకు దిగదుడుపే. ఇక పాదాలు. కొత్త చెప్పులతో బయల్దేరినవాడికి రెండో రోజే బొబ్బలు. బొబ్బ లేస్తే తోలు పీకరు, శుభ్రంగా ఉంచి గుడ్డ చుడతారు. రాత్రి ఉప్పు వేసిన వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టి, ఆరాక నూనె రాస్తారు. షుగరు ఉన్నవాళ్లు మాత్రం మొక్కు ఎంతటిదైనా ఉత్త కాళ్లతో నడవకండి.

కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు దాకా ఇది రోడ్డు నడకే. అసలు పరీక్ష వెంకటాపురం దగ్గర అడవిలో అడుగు పెట్టాక మొదలవుతుంది. నాగలూటి వీరభద్రుడి గుడి, పెచ్చెరువు, మఠంబావి, ఆ తర్వాత భీముని కొలను. పోలికకు ఒకటి చెబుతాను. ఇటలీలో చింక్వె తెర్రె అని సముద్రం ఒడ్డు కొండల అంచున ఐదు ఊళ్లను కలిపే కాలిబాట ఉంది. దేశదేశాల వాళ్లు పోయి నడుస్తారు. అక్కడ ఏ ఊరికా ఊళ్లో రైలు ఆగుతుంది. అలసినవాడు ఎక్కి వెళ్లిపోవచ్చు. పెచ్చెరువు దాటినవాడికి ఆ వీల్లేదు. ముందుకైనా నడవాలి, వెనక్కైనా నడవాలి. అందుకని జట్టులో అందరికంటే నెమ్మదైన మనిషిని ముందు పెట్టి, అడవి తెలిసినవాణ్ణి చివర ఉంచడం మేలు.

భీముని కొలను నిటారు కొండల నడుమ లోతైన లోయ. ఒకవైపు దిగి, మరోవైపు పైనున్న కైలాసద్వారానికి ఎక్కాలి. దిగేటప్పుడే మోకాళ్లు పోతాయి. పాదం అడ్డంగా పెట్టి, మోకాలు కొద్దిగా వంచి, ముందు కర్ర దించి, ఆ తర్వాతే కాలు దించాలి. కావడి ఉన్నవాడు రెండు వైపుల బరువూ సరి చూసుకోవాలి. లేకపోతే మలుపులో మూట రాతికి తగిలి మనిషినే తిప్పేస్తుంది. ఎక్కేటప్పుడు మెట్టుకు ఎదురుగా కాకుండా ఈ పక్క నుంచి ఆ పక్కకు ఏటవాలుగా ఎక్కుతారు. ‘మల్లయ్యా’ అన్న కేకకు ఒక అడుగు. కేక వేయలేనంత ఆయాసం వస్తే ఆగాలని గుర్తు. ఇంతకంటే చవకైన కొలమానం ఏ గడియారంలోనూ లేదు.

ఈ బాట నిన్నమొన్నటిది కాదు. 12వ శతాబ్దంలో అక్కమహాదేవి కన్నడ దేశం నుంచి శ్రీశైలానికి నడిచే వచ్చింది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడు. కన్నడిగులకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. పండక్కి చీర, సారె, పసుపు కుంకుమ పట్టుకుని కూతురింటికి పోతున్నట్టే పోతారు. కూతురింటికి పోయేవాళ్లకు దారిలో మంచినీళ్లివ్వని ఊరుంటుందా? మన పడమటి మండలాల్లో తెలుగూ కన్నడమూ ఎలాగూ కలిసే ఉంటాయి. పందిరి వేసి అన్నం పెట్టేవాళ్లు భాష అడగరు.

నాకు మింగుడు పడనిది ఒకటే. జట్టు వెంట సామాను మోసే ట్రాక్టరు వచ్చింది, మంచిదే. ముసలివాళ్లకు ఆసరా. దాని మీద డీజే పెట్టె కూడా ఎక్కింది. కేకతో అడుగు కలిపే పద్ధతి ఆ మోతలో పోతోంది. పులుల అభయారణ్యంలోకి ప్లాస్టిక్ సీసాలు పోవడం అంతకంటే చెడ్డ పని.

ఈసారి నడవాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 1983 నుంచి పులుల సంరక్షణ కేంద్రంగా ఉన్న అడవి అది. శివరాత్రి, ఉగాది రోజుల్లోనే ఆ కాలిబాటలో యాత్రికులను పోనిస్తారు, అదీ పగటి పూటే. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వదులుతారో ఆత్మకూరు అటవీ డివిజన్‌లో ముందే కనుక్కోండి. ఆ తేదీల నుంచి వెనక్కి లెక్కేసుకుని నందవరంలో బయల్దేరే రోజు ఖాయం చేసుకోండి.