ఏనుగు సగం చేసిన కాగితం

పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేత మేస్తుంది. గడ్డి, వెదురాకు, అరటి బోదె, చెరకు ఆకు, చెట్ల బెరడు, ఏది దొరికితే అది. అందులో దాని ఒంటికి పట్టేది సగం కూడా ఉండదు. ఆవులా నెమరు వేసే జంతువు కాదది. నమిలి మింగిన మేతను పేగుల చివరి భాగంలో ఉండే సూక్ష్మజీవులు కొంతవరకు పులియబెడతాయి, మిగిలింది పీచు పీచుగానే బయటికి వచ్చేస్తుంది. ఎండిన ఏనుగు లద్దెను విరిచి చూస్తే లోపలంతా పీచే. కాగితంలో ఉండేదీ అదే. మొక్కల పీచును నీళ్లలో విడదీసి, పలుచటి పొరగా అల్లుకునేలా చేసి ఆరబెడితే కాగితం. మిల్లులో కర్రను ముక్కలు కొట్టి, రసాయనాలు పోసి ఉడికించే పనిలో మొదటి భాగాన్ని ఏనుగు తన దవడలతో, పేగులతో చేసి పెడుతోంది.

ఈ సంగతిని పిల్లల చేతికే అందించే చోటు ఉత్తర థాయ్‌లాండ్‌లో ఉంది. చియాంగ్ మాయ్ నగరానికి ఉత్తరాన, మే రిమ్‌లోని ‘ఎలిఫెంట్ పూపూపేపర్ పార్క్’. చెట్ల నీడలో విడివిడిగా పాకలు, ఒక్కో పాకలో కాగితం తయారీలో ఒక్కో దశ. వెంట వచ్చే గైడు చూపించి వదిలేయరు, చేయిస్తారు. అక్కడ ఏనుగులు మాత్రం కనబడవు. సవారీలు లేవు, ఆటలు లేవు. నాకు ఆ పార్కు నచ్చడానికి ఇదొక పెద్ద కారణం.

లద్దె వచ్చేది బయటి ఏనుగుల క్యాంపుల నుంచి. ఆ క్యాంపుల వెనక ఒక చరిత్ర ఉంది. 1988 చివర్లో దక్షిణ థాయ్‌లాండ్‌లో భారీ వరదలొచ్చి, అడవులు నరికేసిన కొండలు విరిగిపడి ఎంతోమంది చనిపోయారు. 1989లో ప్రభుత్వం అడవుల్లో కలప కొట్టడాన్ని నిషేధించింది. అప్పటిదాకా దుంగలు లాగిన ఏనుగులకు, వాటి మావటీలకు ఒక్కసారిగా పని పోయింది. చాలామంది పర్యాటకుల వైపు తిరిగారు. పని పోయినా ఏనుగుకు మేత తప్పదు, లద్దె గుట్టలూ తప్పవు. ఆ గుట్టలకు ఎవరైనా వెల కడితే మేత ఖర్చులో కాస్తయినా తిరిగొస్తుంది.

పిల్లలు మొదట అడిగేది వాసన గురించే. ఎండిన లద్దెకు వాసన దాదాపు ఉండదు, ఎండుగడ్డి వాసన తప్ప. సంక్రాంతికి గొబ్బెమ్మలు చేసిన పిల్లలయితే అసలు వెనకాడరు. లద్దెను నీళ్లలో వేసి కడిగితే మట్టి, మెత్తటి మడ్డి కొట్టుకుపోయి పీచు మిగులుతుంది. దాన్ని నాలుగు నుంచి ఆరు గంటలు ఉడకబెడతారు. క్రిములు చచ్చేది ఇక్కడే, పీచు మెత్తబడేదీ ఇక్కడే. తర్వాత నీళ్లతో కలిపి తిప్పి గుజ్జు చేస్తారు, కావాలంటే రంగు కలుపుతారు. ఏనుగు లద్దెలోని పీచు పొట్టిగా, నలిగి ఉంటుంది. దానితోనే కాగితం చేస్తే తేలిగ్గా చిరుగుతుంది. అందుకే పొడవైన మొక్కల పీచును జత చేస్తారు.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది నీళ్ల తొట్టి దగ్గర. గుజ్జును పిండి ముద్దలు చేసి పెట్టి ఉంటారు. ఒక ముద్దకు ఒక కాగితం. చెక్క చట్రానికి సన్నటి జాలీ బిగించి, దాన్ని తొట్టిలో తేలేలా ఉంచుతారు. జాలీ మీదికి వేలెడు లోతు నీళ్లొస్తాయి. ముద్దను అందులో వేసి వేళ్లతో చిదపాలి. చిదిపిన కొద్దీ పీచు నీళ్లలో మబ్బులా విచ్చుకుంటుంది. తర్వాత అరచేయి పైపైన ఆడిస్తూ మూలల దాకా తోలాలి. పిల్లలు ఇక్కడ తొందరపడతారు. మధ్యలో గడ్డ మిగిలిపోతుంది, మూల ఖాళీగా ఉంటుంది. పక్కనున్న పనివాళ్లలో ఒకరు వచ్చి రెండు వేళ్లతో నీటిని అలా తట్టగానే పీచు తనంతట తనే ఖాళీలోకి జరుగుతుంది. ఆ తట్టడంలోనే పనితనమంతా ఉంది. ఇక చట్రాన్ని నాలుగు వైపులా సమంగా పైకెత్తాలి. ఒక పక్క వంగితే అటు మందం, ఇటు పల్చన. నీళ్లు కారాక చట్రంతో సహా ఎండలో నిలబెడతారు. ఆరాక మూల పట్టి లాగితే కాగితం ఊడి వస్తుంది. జాలీకి ఆనిన వైపు సన్నటి గళ్ల గుర్తులుంటాయి, రెండో వైపు గరుకు.

ఈ తొట్టి పద్ధతి ఏనుగు లద్దె కోసం కనిపెట్టింది కాదు. ఉత్తర థాయ్‌లాండ్‌లో ‘సా’ అనే మల్బరీ జాతి చెట్టు బెరడుతో తరతరాలుగా ఇలాగే కాగితం చేస్తున్నారు. బెరడును బూడిద నీళ్లలో ఉడకబెట్టి, సుత్తులతో దంచి, ఇలాంటి తేలే చట్రం మీదే పరిచేవారు. మఠాల్లోని మడత పుస్తకాలు ఆ కాగితం మీదే రాశారు. చియాంగ్ మాయ్ దగ్గరి బో సాంగ్ గ్రామపు గొడుగులకూ అదే కాగితం. మన జైపూర్ పక్కన సాంగనేర్‌లో కాగజీలనే కాగితం పనివాళ్లు చేసే తీరు వేరు. గుజ్జు కలిపిన నీళ్లలో చట్రాన్ని ముంచి ఎత్తి, తడి పొరను వెంటనే గుడ్డ మీదికి దించేస్తారు. ఒక్క చట్రంతో రోజంతా పని నడుస్తుంది. తేలే చట్రం పద్ధతిలో ప్రతి కాగితం ఆరేదాకా ఒక చట్రం చిక్కుకుపోతుంది కాబట్టి చట్రాలు బోలెడు కావాలి. పని నెమ్మది. ప్రపంచమంతా తిరిగి కాగితం చరిత్ర రాసిన డార్డ్ హంటర్ ఈ తేలే చట్రమే రెండింటిలోనూ పాతదని భావించాడు. ఆ తొట్టిలో చేయి పెట్టిన పిల్లకు తెలియకపోయినా, ఆమె చేస్తున్నది చాలా పురాతనమైన పని.

లద్దెను బట్టి కాగితం మారుతుంది. వెదురు మేసిన ఏనుగుదైతే గరుకు, లేత గడ్డి మేసినదైతే నునుపు. వయసు కూడా తెలిసిపోతుంది. ఏనుగుకు జీవితంలో ఆరు విడతల దవడ పళ్లొస్తాయి. ఆఖరి విడత అరిగిపోయాక మేత సరిగా నలగదు, లద్దెలో పొడవాటి పుల్లలు అలాగే కనిపిస్తాయి.

శ్రీలంకలో పిన్నవల ఏనుగుల అనాథాశ్రమం ఉన్న కేగాల్ల ప్రాంతంలోనూ, మన జైపూర్‌లోనూ ఇలాంటి కాగితం చేస్తున్నారు. జైపూర్‌లోని కుమారప్ప జాతీయ చేతి కాగితం సంస్థ ఆవు పేడతోనూ చేసి చూపించింది. అయితే దీనివల్ల అడవులు మిగిలిపోతాయని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. 1938లో మొదలైన మన కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లులాంటివి తీసే కాగితంతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. దీని విలువ ఊళ్లో నలుగురికి చేతినిండా పని దొరకడంలో, సా కాగితం మెళకువ అంతరించిపోకుండా నిలవడంలో ఉంది. రోజూ నోటు పుస్తకం చించి రాకెట్లు చేసే పిల్లవాడు ఒక్క కాగితం వెనక ఎంత నీరు, ఎంత ఎండ, ఎంత ఓపిక ఉందో కళ్లారా చూడటంలోనూ ఉంది. ఏనుగు మీద ఎక్కించిన పది నిమిషాలకంటే ఇది వాడికి ఎక్కువ నేర్పుతుందని నా గట్టి నమ్మకం.

వెళ్లేవాళ్లు నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య చూసుకోండి. వానల్లో చట్రాలు ఆరవు. మార్చి, ఏప్రిల్‌లలో పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ చియాంగ్ మాయ్ మీద కమ్ముకుంటుంది, చిన్నపిల్లలకు ఇబ్బంది. పొద్దున్నే చేరితే చేసిన కాగితం ఆరేలోపు అక్కడి బల్లల దగ్గర కూర్చుని నోటు పుస్తకాల అట్టలు అలంకరించుకోవచ్చు. ఆ పుస్తకాల్లో జెల్ పెన్నుతో రాస్తే సిరా పాకుతుంది. పెన్సిలు, లేదా మందపాటి స్కెచ్ పెన్ను మేలు.