నా ఫైళ్లు ఎక్కడ?

విండోస్‌లో వన్‌డ్రైవ్ వాళ్ల ఫోల్డర్ బ్యాకప్ ఆన్ చేసి, కొన్నాళ్లకి నచ్చక ఆపేశారనుకోండి. చాలా ఏళ్లపాటు ఏం జరిగేదంటే, డెస్క్‌టాప్ ఖాళీ అయిపోయేది. పెళ్లి ఫోటోలు, టాక్స్ కాగితాలు, సగం రాసిన కథ, ఏవీ కనబడేవి కావు. వాటి స్థానంలో ఒకే ఒక్క షార్ట్‌కట్ ఉండేది. దాని పేరు 'వేర్ ఆర్ మై ఫైల్స్'. అంటే, 'నా ఫైళ్లు ఎక్కడ' అని.

ఫైళ్లు పోలేదు, వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల భద్రంగానే ఉన్నాయి. అక్కడ బ్యాకప్ అన్న మాటకి అర్థం కాపీ తియ్యడం కాదు, డెస్క్‌టాప్ అనే ఫోల్డర్‌ని మొత్తంగా ఎత్తి వన్‌డ్రైవ్ లోపల పెట్టడం. ఆపెయ్యమంటే ఎత్తుకెళ్లడం ఆగేది గానీ, తీసుకెళ్లినవి వాటంతటవి తిరిగి వచ్చేవి కావు. ఇదంతా మైక్రోసాఫ్ట్ సహాయ పేజీల్లో రాసే ఉంది. నన్ను ఆకర్షించింది మాత్రం ఆ షార్ట్‌కట్ పేరే. ఇంకో రెండు సెకన్లలో మనిషి గుండె గుభేల్మని ఏమంటాడో ముందే ఊహించి, ఆ మాటనే ఫైలు పేరుగా పెట్టిన రచయిత ఒకడు ఎక్కడో ఉన్నాడు. పాఠకుడు బెదిరిపోతాడని తెలుసు. బెదరకుండా ముందే చెప్పడం కన్నా, బెదిరాక ఓదార్చడం తేలికనుకున్నాడు.

సాహిత్య పత్రికలో ఈ కంప్యూటర్ గోల ఏంటంటారేమో. మన ఇళ్లల్లో నవలలు చదవనివాళ్లున్నారు, పేపరు చదవనివాళ్లున్నారు, డైలాగ్ బాక్స్ చదవనివాళ్లు మాత్రం లేరు. కనీసం 'ఓకే' నొక్కేముందు దానికేసి ఒకసారి చూస్తారు. అంతమంది చూసే వచనం గురించి ఎవరూ సమీక్ష రాయరు. ఎర్రర్ మెసేజ్‌ల మీద జోకులు మాత్రం బోలెడు. 2015లో విండోస్ 10 ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ ఫెయిలైనప్పుడు కొందరికి 'సమ్‌థింగ్ హ్యాపెండ్' అనే రెండు మాటలు చూపించింది. పైన శీర్షికా అదే, కింద వివరణా అదే. ఏదో జరిగింది, ఏం జరిగిందంటే, ఏదో జరిగింది. దాని మీద లోకమంతా నవ్వుకుంది. నాకైతే ఆ మెసేజ్ మీద పెద్ద కోపం లేదు, ఎందుకంటే దానికి ఏమీ తెలీదు, తెలీదనే చెప్పింది. తెలిసీ మాట మార్చే మెసేజ్‌ల సంగతే ఇక్కడ చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువ మాట మార్చింది 'బ్యాకప్', 'సింక్' అనే రెండు పదాల దగ్గర. సింక్ అంటే అద్దం. ఫోన్లో ఫోటో తీస్తే లాప్‌టాప్‌లో కనిపిస్తుంది, ఫోన్లో తీసేస్తే లాప్‌టాప్‌లోనూ పోతుంది. ముఖానికి గాయమైతే అద్దంలోనూ గాయమే కదా. బ్యాకప్ అంటే నకలు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మన దస్తావేజు నకలు ఉంటుంది చూడండి, అలాంటిది. ఇంట్లో ఉన్న అసలుని ఎలకలు కొరికితే ఆఫీసులో ఉన్నదాని మీద పంటిగాట్లు పడవు. ఈ రెండూ వేరని నాతో పనిచేసే ప్రతి ఇంజినీరుకీ తెలుసు. అయినా ఇవాళ ఫోన్లలో, కంప్యూటర్లలో చాలావరకు సింక్ జరుగుతున్న చోట 'బ్యాకప్ అయింది' అని ఆకుపచ్చ టిక్కు కనిపిస్తుంది. వినేవాడు నకలు ఉందని నమ్మి, ఫోన్లో జాగా చాలట్లేదని తన చేత్తో తనే అసలు చెరిపేస్తాడు. అద్దంలోంచీ పోతుంది. నిజమే, కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంటుంది, మామూలు వన్‌డ్రైవ్‌లో 30 రోజులు, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటో అయితే 60 రోజులు. కానీ పోయిందని తెలిసినవాడే కదా బుట్ట వెతికేది. ఆరు నెలల తర్వాత తాతయ్య సంవత్సరీకానికి ఫోటో కావాలని వెతికేవాడికి ఆ గడువు ఎందుకూ కొరగాదు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల బ్యాకప్ చరిత్ర చూస్తే నాకు ప్రతి అధ్యాయంలోనూ కథానాయకుడి పేరు మారిపోయే సీరియల్ గుర్తొస్తుంది. ఎక్స్‌పీ హోమ్ ఎడిషన్‌లో బ్యాకప్ ప్రోగ్రామ్ మామూలుగా ఇన్‌స్టాల్ అయ్యేది కాదు, సీడీలో ఒక మూల ఫోల్డర్లో ఉండేది. విస్టా వచ్చాక ఆ పాత బ్యాకప్‌లు తెరవాలంటే విడిగా ఇంకో యుటిలిటీ దింపుకోవాల్సొచ్చింది. విండోస్ 7లో 'బ్యాకప్ అండ్ రిస్టోర్', 8లో 'ఫైల్ హిస్టరీ'. విండోస్ 10లో రెండూ ఉన్నాయి, మొదటిదాని పేరు పక్కన బ్రాకెట్‌లో 'విండోస్ 7' అని. అంటే కొత్త ఇంట్లో ఒక గది తలుపు మీద 'పాత ఇల్లు' అని బోర్డు పెట్టినట్టు. 2023లో 'విండోస్ బ్యాకప్' అని ఇంకో యాప్ వచ్చింది, అది వన్‌డ్రైవ్‌కి దారి తీస్తుంది. ప్రతిసారీ చదివేవాడు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాల్సిందే.

దీనికి ఎదురుగా యాపిల్ టైమ్ మెషీన్‌ని పెట్టి చూడాలి. 2007లో లెపర్డ్‌తో పాటు వచ్చింది. హార్డ్‌డిస్క్ తగిలిస్తే ఒకటే ప్రశ్న అడిగేది, ఈ డిస్క్‌ని టైమ్ మెషీన్ బ్యాకప్‌కి వాడమంటారా అని. అవును, కాదు. మా అమ్మ కూడా జవాబు చెప్పగల ప్రశ్న. గత 24 గంటలకి గంటకొక కాపీ, గత నెలకి రోజుకొకటి, అంతకుముందువి వారానికొకటి, డిస్క్ నిండితే అన్నిటికన్నా పాతవి తీసేస్తుంది. ఈ నియమం మొత్తం రెండు వాక్యాల్లో చెప్పెయ్యొచ్చు, చెప్పారు కూడా. తెరిస్తే అప్పట్లో వెనక నక్షత్రాలు, ముందు మన ఫోల్డర్ కిటికీ, దాని వెనక నిన్నటి కిటికీ, దాని వెనక మొన్నటిది, అలా దూరంగా వరసకట్టి ఉండేవి. ఆ నక్షత్రాల్ని చాలామంది వెటకారం చేశారు, ఎక్కువైంది అన్నారు. నేనొప్పుకోను. బ్యాకప్ అంటే కాలమనీ, ఫైలుకి ఒక గతం ఉంటుందనీ, అది చోటు సంగతి కాదనీ మామూలు మనిషికి బొమ్మలో చూపించిన సాఫ్ట్‌వేర్ నేను చూసినంతలో అదొక్కటే. మిగతావన్నీ గిగాబైట్ల గురించే మాట్లాడతాయి.

అంత మంచి రచన కూడా ఒకచోట బొంకింది. నెట్‌వర్క్ డిస్క్ మీద బ్యాకప్ తీసుకునేవాళ్లకి అప్పుడప్పుడూ ఒక మెసేజ్ వచ్చేది. దాని సారాంశం: మీ బ్యాకప్‌లని పరిశీలించడం పూర్తయింది, విశ్వసనీయత మెరుగుపరచడానికి టైమ్ మెషీన్ మీ కోసం కొత్త బ్యాకప్ తయారు చెయ్యాలి. వాక్యం ఎంత హాయిగా ఉందో చూడండి. పరిశీలన, మెరుగుదల, మీ కోసం. అసలు విషయం ఏంటంటే పాత బ్యాకప్ చెడిపోయింది. రెండేళ్ల చరిత్ర ఉంటే రెండేళ్లూ చెరిపేసి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. పాత చరిత్ర పోతుందని మెసేజ్‌లో ఉండేది గానీ, అది కింద చిన్నగా వచ్చే మాట. 'చెడిపోయింది' అన్న ఒక్క క్రియ రాస్తే సరిపోయేది. ఇల్లు కాలిపోతే ఫోన్ చేసి, మీ ఇంటి గాలీ వెలుతురూ మెరుగుపరచడానికి మీకోసం కొత్త ఇల్లు కట్టాలి అన్నట్టుంది.

ఇది మాటల సమస్య మాత్రమే, పనితనం బాగానే ఉంటుందనుకుంటే 2018 అక్టోబర్ గుర్తుచేసుకోవాలి. విండోస్ 10 అప్‌గ్రేడ్ అవుతున్నప్పుడు నీలం తెర మీద ఒక వాక్యం వచ్చేది, మీ ఫైళ్లన్నీ మీరు ఎక్కడ వదిలారో సరిగ్గా అక్కడే ఉన్నాయి అని. అడక్కుండానే ఇచ్చిన హామీ. అక్టోబర్ 2న 1809 అనే అప్‌డేట్ విడుదలైంది. డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లని వేరే డ్రైవ్‌కి మళ్లించుకుని, పాత చోట కూడా కొన్ని ఫైళ్లు ఉంచుకున్నవాళ్లలో కొందరికి, ఆ పాత చోటున్నవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కారణం మైక్రోసాఫ్టే వివరించింది. అంతకుముందు అప్‌డేట్ తర్వాత ఖాళీ డూప్లికేట్ ఫోల్డర్లు కనబడుతున్నాయని జనం ఫిర్యాదు చేస్తే, వాటిని తీసేసే కోడ్ రాశారు. అది ఖాళీ కాని వాటినీ తీసేసింది. కొద్దిరోజుల్లోనే విడుదల ఆపి, నవంబర్ 13న మళ్లీ వదిలారు. డేటా పోయిందన్న ఫిర్యాదులు నూటికి 0.01 వంతేనని కంపెనీ అంది. లెక్క తప్పని నేననను. కానీ అప్‌డేట్ బయటికి రాకముందే దాన్ని పరీక్షించేవాళ్లు ఈ సంగతి రాశారు. వాళ్లకి ఓట్లు ఎక్కువ పడలేదు కాబట్టి ఆ మాట అడుగునే ఉండిపోయింది. తర్వాత ఫిర్యాదు ఫారంలో తీవ్రత ఎంతో చెప్పే గడి ఒకటి చేర్చారు. ఫైళ్లు పోవడం ఎంత తీవ్రమో చెప్పడానికి అప్పటిదాకా గడి లేదన్నమాట.

మా బాబాయి సంగతి వేరు. ఆయన ఫైళ్లు పోలేదు. ఖమ్మంలో తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. పన్నెండేళ్లపాటు తన ఊరి గురించి రాసుకున్నారు, అంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనుక్కున్నారు, దాంతో ఉచితంగా వచ్చిన బ్యాకప్ ప్రోగ్రామ్ ప్రతి ఆదివారం టిక్కు పెట్టేది. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. కంప్యూటర్ చచ్చిపోయింది. కొత్తది కొని డిస్క్ తగిలిస్తే, అందులో ఫైళ్లు లేవు, ఆ ప్రోగ్రామ్‌కి మాత్రమే అర్థమయ్యే ఒక పెద్ద మూట ఉంది. ఆ ప్రోగ్రామ్ కొత్త విండోస్‌లో నడవదు. ఊళ్లో ఒక డీటీపీ సెంటర్ అతని దగ్గర విండోస్ 7 ఉన్న పాత సిస్టమ్ దొరికితే, దాంట్లో మూట విప్పారు. విప్పిన ఫైల్లోంచి కొంత కాపీ చేసి బాబాయి కొత్త కంప్యూటర్లో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ కామాలూ డాలర్ గుర్తులూ వచ్చాయి.

తెలుగు రాసేవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది, ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ కూడా వచ్చింది. అయినా మన అచ్చు పని ఎక్కువభాగం చాలాకాలం అను లాంటి ఫాంట్ల మీదే నడిచింది. వాటిలో తెలుగు అక్షరం కంటికి మాత్రమే తెలుగు, లోపల దాచింది ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే. ఫాంట్ లేకపోతే తెలుగు లేదు. పేజ్‌మేకర్ ఏడో వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తర్వాత ఎనిమిదోది రానేలేదు. కాబట్టి బాబాయి బ్యాకప్ ప్రోగ్రామ్ తన పని తాను చేసింది. ప్రతి బైటూ పదిలం. ఆయన పుస్తకం మాత్రం ఆ డీటీపీ సెంటర్‌లో మిగిలున్న ఒక పాత సిస్టమ్ మీద ఆధారపడి ఉంది. అలా ఎంతమంది రచయితల రాతలు ఏ సీడీల్లో, ఏ డిస్కుల్లో మూటలై పడున్నాయో అని నాకు దిగులుగా ఉంటుంది. చనిపోయిన రచయితల ఇళ్లల్లో కాగితాలు వెతకడం మనకి అలవాటే. పాస్‌వర్డ్ లేని లాప్‌టాప్ వెతకడం ఇంకా అలవాటవ్వలేదు, పాస్‌వర్డ్ ఉన్నదాని సంగతి దేవుడికే తెలియాలి.

మా వృత్తివాళ్ల తరఫు మాట కూడా చెప్పాలి. తెర మీద వచ్చే వాక్యాలు చాలాచోట్ల ఆఖర్న రాస్తారు, రిలీజ్‌కి రెండ్రోజుల ముందు. రాసేవాడికి లోపల ఏం ఫెయిలైందో ఒక నంబరుగా మాత్రమే తెలుస్తుంది. పైగా, జనం ఎలాగూ చదవరు, కాబట్టి చిన్నదిగా రాయండి అంటారు మీటింగుల్లో. ఈ వాదనలో నిజం ఉంది, సగమే. జనం చదవరు ఎందుకంటే ఇరవై ఏళ్లుగా చదివినప్పుడల్లా ఏమీ తెలియలేదు కాబట్టి. 'స్టోరేజ్ నిండింది' అనే మెసేజ్‌ని మాత్రం ఎంత స్పష్టంగా రాస్తారో చూడండి. ఎంత నిండింది, ఎంత కొనాలి, నెలకి ఎంత, అన్నీ ఉంటాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిలూ ఫోటోలూ ఉండాలి, 2021 జూన్ 1 నుంచి కొత్త ఫోటోలన్నీ లెక్కలోకొస్తాయి, 2024 నుంచి ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా అందులో చేరింది. ఏ ఇంట్లో చూసినా గుడ్‌మార్నింగ్ పూలగుత్తులే సగం. అమ్మాల్సొచ్చినప్పుడు ఇంత మంచి వచనం రాయగలిగినవాళ్లకి, మిగతాచోట్ల రాయడం చేతకాదంటే నేను నమ్మను.

నేనైతే ఇలా రాస్తాను: 'ఈ ఫోటో మీ ఫోన్లో ఉంది, మా దగ్గర ఒక కాపీ ఉంది. ఫోన్లో చెరిపితే మా దగ్గర కూడా పోతుంది. మా కాపీ ఉంచి ఫోన్లోది మాత్రమే తియ్యాలంటే రెండో బటన్ నొక్కండి.' మూడు వాక్యాలు. పొడుగైందని కోతపెడతారని తెలుసు. దానికన్నా ముఖ్యమైనది ఇంకోటి. ఇంటి కంప్యూటర్లలో 'చివరి బ్యాకప్ ఎప్పుడు' అన్నది ప్రతి ప్రోగ్రామూ చూపిస్తుంది, పొద్దున 9:40కి అని. చివరిసారి అందులోంచి ఒక్క ఫైలైనా వెనక్కి తీసి, తెరిచి, చదివింది ఎప్పుడు అన్నది మాత్రం నేను వాడినవాటిలో ఏదీ చూపించలేదు. బాబాయి కంప్యూటర్లో ఆ రెండో తేదీ ఉండుంటే, పన్నెండేళ్లూ అది ఖాళీగానే కనబడేది.